మగవాళ్ల వెస్ట్ పొట్టిదెందుకైంది? జవాబు ప్యాంటు దగ్గరుంది

క్లుప్తంగా

నడుం దగ్గరే ఆగిపోయే పొట్టి వెస్టులు, చేతుల్లేని జాకెట్లు, స్లీవ్‌లెస్ స్వెటర్లు కొన్నేళ్లుగా మగవాళ్ల ఫ్యాషన్‌లో గట్టిగా కనిపిస్తున్నాయి. పొడవు తగ్గడానికి ముఖ్య కారణం ప్యాంటు నడుం పైకి జరగడం. చేతులు పోవడానికి కారణాలు వేరు: పని, ఏసీ ఆఫీసులు, వాతావరణం, కుట్టు ఖర్చు. రెండూ ఒకే బట్టలో కలిసి వచ్చాయి గానీ రెండిటి ఆయుష్షూ ఒకటే కాకపోవచ్చు.

ఒకే పేరు, నాలుగు రకాల బట్టలు

షాపింగ్ యాప్‌లో వెస్ట్ అని కొట్టి చూస్తే రెండు వందల రూపాయల కట్ బనియన్, పెళ్లికి వేసుకునే నెహ్రూ జాకెట్, సూటు లోపలి వెయిస్ట్‌కోట్, బోలెడు జేబులున్న ట్రెక్కింగ్ జాకెట్ అన్నీ పక్కపక్కనే వచ్చేస్తాయి. ఈ ట్రెండ్ మీద జరిగే వాదనల్లో సగం ఇక్కడే తేడా కొడుతుంది. ఒకరు బనియన్ గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు కోటు గురించి మాట్లాడుతుంటారు.

కాబట్టి ముందు విడదీసి చూడాలి. మొదటిది కుట్టిన వెస్ట్, అంటే సూటు కుటుంబానికి చెందినది, ముందు గుండీలు, వెనక నడుం బిగించే చిన్న పట్టీ, బకిల్ ఉండేది. రెండోది అల్లిక వెస్ట్, క్రికెటర్లు తెల్ల బట్టల మీద, బడి పిల్లలు యూనిఫాం మీద వేసుకునే వి మెడ స్లీవ్‌లెస్ స్వెటర్ బాపతు. మూడోది పని వెస్ట్: చేపలు పట్టేవాళ్లది, ఫొటోగ్రాఫర్లది, బైకర్లది, దూది లాంటి ఫ్లీస్‌తో ఆఫీసువాళ్లది. నాలుగోది లోపల వేసుకోవాల్సిన బనియన్ బయటికి రావడం, దీన్నే ట్యాంక్ టాప్ అంటున్నారు. ఈ నాలుగూ ఇప్పుడు ఒకేసారి పొట్టివవుతున్నాయి. చరిత్రలో వీటికి పెద్దగా చుట్టరికం లేదు, వేర్వేరు దారుల్లో వచ్చినవి, అలాంటివి ఒకేసారి కురచవుతున్నాయంటే వాటికి బయట ఏదో ఉమ్మడి కారణం ఉండి ఉండాలి.

350 ఏళ్లుగా కుదించుకుంటూనే ఉంది

కుట్టిన వెస్ట్‌కి పుట్టిన తేదీ దాదాపు తెలుసు. ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ 1666 అక్టోబర్ 7న తన సభలో కొత్త వేషం మొదలుపెడుతున్నానని, దాన్ని ఇక మార్చనని ప్రకటించాడు. మర్నాడు నౌకాదళ అధికారి శామ్యూల్ పెపిస్ తన డైరీలో ఈ సంగతి రాసుకున్నాడు, ప్రభువులకు పొదుపు నేర్పడం దీని ఉద్దేశమని కూడా రాశాడు. అంతకు ముందు ఏడాదే లండన్‌లో ప్లేగు, నెల కిందటే నగరాన్ని తగలబెట్టిన మహా అగ్నిప్రమాదం. ఫ్రెంచి రాజదరబారును చూసి లేసులు, రిబ్బన్లు కట్టుకు తిరిగే ఖర్చు తగ్గించాలన్నది లెక్క. కొన్నాళ్లకి ఇంకో డైరీ రచయిత జాన్ ఎవెలిన్ ఆ వేషాన్ని పర్షియన్ తరహా అని వర్ణించాడు. రాజుగారు మార్చనన్నారు గానీ వెస్ట్ మాత్రం అప్పట్నుంచీ మారుతూనే ఉంది.

అప్పటి వెస్ట్ మోకాళ్ల దాకా ఉండేది. పద్దెనిమిదో శతాబ్దమంతా అది కొంచెం కొంచెంగా పైకి జరిగింది, తొడల మీదికి, తర్వాత తుంటి మీదికి, 1790ల నాటికి నడుం దగ్గర తిన్నగా కోసినట్టు ఆగిపోయింది. ఇవాళ క్రాప్డ్ (కురచ) అంటున్న పొడవుకి అది చాలా దగ్గర. అప్పుడది మామూలు పొడవే, ఎవరికీ వింతగా అనిపించలేదు. ఎందుకంటే కింద వేసుకునేది బొడ్డు మీది దాకా వచ్చేది, రెండిటి మధ్య ఖాళీ కనిపించే ప్రశ్నే లేదు.

యూరప్ సూటు బయట కూడా ఇదే జోడీ ఉంది. 1830లో అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం జువావ్ అనే దళాలు మొదలుపెట్టింది. వాళ్ల యూనిఫాం అక్కడి ఉత్తరాఫ్రికా బట్టల తీరుది: పొట్టి జాకెట్, దాని కింద చేతుల్లేని వెస్ట్, నడుం చుట్టూ వెడల్పాటి గుడ్డ, కింద బాగా లూజు ప్యాంటు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక అక్కడా జువావ్ పేరుతో దళాలు ఇవే బట్టలు వేసుకుని యుద్ధానికి వెళ్లాయి. పైన పొట్టి, కింద బాగా లూజు. ఇప్పటి రీల్స్‌లో కుర్రాళ్లు వేసుకుంటున్న కొలతలు దాదాపు ఇవే.

అసలు లెక్క రైజ్‌ది

ప్యాంటులో రెండు కాళ్లూ కలిసే కుట్టు దగ్గర్నుంచి నడుం పట్టీ పై అంచు దాకా ఉండే ఎత్తుని రైజ్ అంటారు. ఇది ఎంతుంటే నడుం పట్టీ అంత పైన కూర్చుంటుంది. 2000లలో నడిచిన లో వెయిస్ట్ జీన్స్‌లో ముందు వైపు రైజ్ 8 అంగుళాల చుట్టుపక్కల ఉండేది. ఇప్పుడు ప్లీట్లు (నడుం దగ్గర మడతలు) పెట్టి అమ్ముతున్న హై వెయిస్ట్ ప్యాంట్లలో అది 12 అంగుళాల దాకా పోతోంది. తేడా మూడు నాలుగు అంగుళాలు. మామూలు వెస్ట్‌కీ పొట్టి వెస్ట్‌కీ పొడవులో కనిపించే తేడా కూడా ఇంచుమించు ఇంతే, ఇదేమీ కాకతాళీయం కాదు.

2000లలో ఏం జరిగిందో చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. డిజైనర్ హెడీ స్లిమేన్ 2000 నుంచి 2007 దాకా డియోర్ కంపెనీ మగవాళ్ల విభాగం డియోర్ హోమ్‌లో ఉన్నప్పుడు మగవాళ్ల బట్టలు బాగా సన్నబడ్డాయి. ఆ బట్టల్లో పట్టడానికే ప్రసిద్ధ డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ అంతటివాడు నలభై కిలోలకు పైగా తగ్గానని చెప్పుకున్నాడు. ఆ కాలంలో రాక్ బ్యాండ్‌ల కుర్రాళ్లు టీషర్ట్ మీద సన్నటి వెస్ట్ వేసేవారు. కానీ ప్యాంటు తుంటి మీదికి జారిపోవడంతో వెస్ట్‌ని కిందికి లాగాల్సి వచ్చింది, లేకపోతే వెస్ట్ అంచుకీ బెల్టుకీ మధ్య చొక్కా నాలుగు వేళ్ల మేర బయటికి ఉబ్బి కనిపించేది. టైలర్లు అప్పట్లో వెస్ట్ పొడవు పెంచి ఆ ఖాళీని కప్పారు. పొడవాటి వెస్ట్ కింద పొట్టి రైజ్ ప్యాంటు వేస్తే మొండెం సాగినట్టు, కాళ్లు తగ్గినట్టు కనిపిస్తాయి. సన్నగా, పొడుగ్గా ఉన్న మోడల్స్‌కి చెల్లింది, పెళ్లికొడుకు తమ్ముళ్లకి చెల్లలేదు.

బెల్టు కూడా ఇందులో ఒక పాత్ర. పాత రోజుల్లో వెస్ట్ కింద బెల్టు పెట్టుకునేవారు కాదు, భుజాల మీంచి వచ్చే సస్పెండర్లు ప్యాంటుని పట్టుకునేవి. ప్యాంటు బొడ్డు మీద నిలబడాలంటే, ముఖ్యంగా కాస్త పొట్ట ఉన్నవాళ్లకి, అది తప్ప దారి లేదు. సస్పెండర్లు నలుగురికీ చూపించేవి కావు, లోపలి బట్టల లెక్కలో పోయేవి, వాటిని కప్పడం వెస్ట్ చేసే పనుల్లో ఒకటి. తర్వాత బెల్టు వచ్చింది, ప్యాంటు కిందికి దిగింది, బకిల్ వెస్ట్ కింద ముద్దలా పొడుచుకురావడం మొదలైంది, ఈలోగా ఇళ్లలో ఆఫీసుల్లో హీటింగ్ పెరిగి చలి దేశాల్లో మూడో పొర అవసరమే తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధం ఇంకో దెబ్బ: 1942లో అమెరికాలో గుడ్డ ఆదా కోసం రెండు వరసల గుండీల డబుల్ బ్రెస్టెడ్ సూటుతో వెస్ట్ ఇవ్వకూడదని నిబంధన పెట్టారు. ఇలా పోయిన వెస్ట్ 1970లలో బెల్ బాటమ్‌లతో ఒకసారి తిరిగొచ్చింది. గమనిస్తే అప్పుడు కూడా ప్యాంటు నడుం పైకే ఉంది.

2010లలో ఉల్టా ప్రయోగం కూడా జరిగింది. పైన పొట్టి జాకెట్, లోపల తొడల దాకా వేలాడే లాంగ్ టీషర్ట్, కింద స్కిన్నీ జీన్స్. అక్కడ పొరల మెట్లు పైనుంచి కిందికి దిగుతాయి, కళ్లు కూడా కిందికే పోతాయి. ఇప్పటి తీరులో లోపలి చొక్కా ప్యాంటులోకి వెళ్లిపోతుంది, వెస్ట్ అంచు నడుం పట్టీని తాకీ తాకనట్టు ఉంటుంది, అక్కణ్నుంచి నేల దాకా ఒకటే గీత. మనిషి ఎత్తు మారదు, కాళ్ల భాగం పెద్దగా కనిపిస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లకి ఇది బాగుంటుందని అమ్మేవాళ్లు చెప్పే మాటలో ఈ మేరకు నిజముంది. అయితే ప్యాంటు మార్చకుండా వెస్ట్ ఒక్కటే కొంటే ఫలితం తిరగబడుతుంది. చాలామంది కొని ఒకసారి వేసి పక్కన పెట్టేది ఇందుకే.

మూడంగుళాలు కత్తిరిస్తే సరిపోతుందా

ఇంట్లో ఉన్న పాత వెస్ట్‌ని ఆల్టరేషన్ షాపుకి తీసుకెళ్లి కింద మూడంగుళాలు తీసేయమంటే చాలదా అని చాలామందికి అనిపిస్తుంది. చాలదు. టేబుల్ మీద పరిచి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ముందు జేబులు. మామూలు వెస్ట్‌లో కింది జేబు నోరు అంచు నుంచి నాలుగంగుళాల చుట్టుపక్కల ఉంటుంది, జేబు సంచి అక్కణ్నుంచి కిందికి దిగుతుంది. మూడంగుళాలు తీస్తే జేబు నోరు అంచు మీదికి వచ్చి కూర్చుంటుంది, సంచిలో చాలా భాగం కత్తెరకి పోతుంది. తర్వాత డార్ట్, అంటే గుడ్డని లోపలికి మడిచి కోణంగా వేసే కుట్టు. ఛాతీ కింద మొదలై నడుం దగ్గర బాగా బిగించి, తుంటి దగ్గర మళ్లీ వదలడం డార్ట్ పని. కింది భాగం తీసేస్తే వదిలే చోటు పోయి బిగించిన చోటే అంచవుతుంది, కూర్చున్నప్పుడు ఆ అంచు పొట్టలోకి గుచ్చుకుంటుంది. గుండీల సంగతీ అంతే. అయిదారు గుండీల వెస్ట్‌లో కింద రెండు కాజాలు పోతే పైవాటి మధ్య దూరం కొత్త పొడవుకి కుదరదు. మామూలుగా ఆఖరి గుండీ పెట్టుకోకుండా వదిలేయడం ఆనవాయితీ, దాన్ని ఇంగ్లండ్ రాజు ఏడో ఎడ్వర్డ్ పొట్టతో ముడిపెట్టి చెప్పే కథ ఒకటి ప్రచారంలో ఉంది. పొట్టి వెస్ట్‌లో ఆఖరి గుండీ కూడా పెట్టాల్సిందే, లేకపోతే ఉన్న కాస్త పొడవులో మూడో వంతు తెరుచుకుపోతుంది.

వెనక భాగం ఇంకో సమస్య. కోటు కింద ఎలాగూ కనిపించదు కాబట్టి వెస్ట్ వీపుకి అస్తరు గుడ్డ వేసి ఖర్చు తగ్గించడం పాత అలవాటు. ఇప్పుడు వెస్ట్‌నే పైబట్టగా వేసుకుంటున్నారు, వీపంతా మెరిసే పాలిస్టర్ కనబడుతుంది. అందుకని కొత్తగా కుట్టేవాటిలో వీపుకి కూడా ముందు గుడ్డే వేస్తున్నారు, బకిల్ పట్టీని కొందరు తీసేస్తున్నారు, కొందరు నడుం కుదించుకోవడానికి ఉంచుతున్నారు. చంక కోత కూడా మారుతుంది. కోటు లోపల వేసుకునే వెస్ట్‌కి చంక లోతుగా, వదులుగా కోస్తారు. చొక్కా లేకుండా వేసుకునేదానికి అలా కోస్తే పక్క నుంచి ఛాతీ అంతా కనిపిస్తుంది.

అల్లిక గుడ్డలో గొడవ వేరు. టీషర్ట్ గుడ్డని అడ్డంగా కత్తిరించి మడత కుట్టకుండా వదిలేస్తే అంచు పైకి చుట్టుకుంటుంది, అది ఆ అల్లిక స్వభావం. టీషర్ట్‌కి ఆ చుట్టుకోవడమే అందమని సరిపెట్టుకోవచ్చు. చేతి అల్లిక లేదా మిషన్ స్వెటర్‌ని అలా కోస్తే మాత్రం కుట్లు ఊడిపోతూ వస్తాయి. స్వెటర్ వెస్ట్‌ని పొట్టిగా కావాలంటే పొట్టిగానే అల్లాలి, కింద సాగే పట్టీ కాస్త వెడల్పుగా పెట్టాలి. అది నడుం దగ్గర పట్టి ఉంచితే పైన గుడ్డ కొద్దిగా ఉబ్బి పెట్టెలాంటి ఆకారం వస్తుంది.

చేతులెందుకు పోయాయి

పొడవు కథకి ప్యాంటు జవాబు చెప్పింది. చేతులు పోవడానికి మాత్రం పని ఎక్కువ కారణం. మొండేనికి వెచ్చదనం, వస్తువులు పెట్టుకోవడానికి జేబులు కావాలి, చేతులు మాత్రం ఖాళీగా ఆడాలి. ఈ అవసరం ఎక్కడుంటే అక్కడ చేతుల్లేని బట్ట పుట్టింది.

నదిలో దిగి గాలం వేసేవాళ్ల వెస్ట్ మంచి ఉదాహరణ. బోలెడు జేబులున్న ఈ వెస్ట్‌ని 1930లలో తయారుచేసిన ఘనత అమెరికా జాలరి లీ వుల్ఫ్‌కి ఇస్తారు. నడుం లోతు నీళ్లలో నిలబడతారు కాబట్టి కింది జేబులు తడవకుండా వాటిలో పొట్టి రకాలు కూడా వచ్చాయి. అంటే ఇవాళ ఫ్యాషన్ అనుకుంటున్న పొట్టి పొడవు అక్కడ పూర్తిగా అవసరం కోసం వచ్చింది. బైకర్ల కథ ఇలాంటిదే. డెనిమ్ జాకెట్ మొదట్నుంచీ నడుం దాకానే ఉంటుంది, లెవీస్ 1962 ప్రాంతంలో తెచ్చిన ట్రక్కర్ జాకెట్ తీరు అదే. కూర్చున్నప్పుడు అంచు ముడుచుకోదు. దాని చేతులు కోసేసి, తోలు జాకెట్ మీద ఇంకో పొరగా వేసి, వీపు మీద క్లబ్బు గుర్తు కుట్టించుకోవడం అమెరికా బైకర్ క్లబ్బుల నుంచి పంక్, మెటల్ సంగీతం కుర్రాళ్ల దాకా పాకింది.

ఆఫీసు వెస్ట్ కథ అమెరికాలోని తెలుగువాళ్లకి బాగా తెలిసినదే. కంపెనీ లోగో కుట్టిన ఫ్లీస్ వెస్ట్ అక్కడి టెక్, ఫైనాన్స్ ఉద్యోగులకి యూనిఫాం లాంటిదైపోయింది. బయట చలి, లోపల ఏసీ, కీబోర్డు మీద చేతులు ఆడాలి. సూటు వేసుకోనక్కర్లేదు, అలాగని చొక్కాతో వచ్చినట్టూ ఉండకూడదు. గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు 2019 మార్చిలో సూటు నిబంధన సడలించింది, ఆ ఏప్రిల్‌లోనే బట్టల కంపెనీ పటగోనియా కొన్ని రకాల కంపెనీలకి లోగో వెస్టులు ఇవ్వడం తగ్గిస్తుందన్న వార్త వచ్చింది, 2021లో ఊడదీయలేని లోగోలు కుట్టడమే ఆపేస్తామంది. పర్యావరణ కారణం చెప్పారు: లోగో ఉన్న బట్ట ఉద్యోగం మారగానే ఎవరికీ పనికిరాదు.

తయారీదారు వైపు నుంచి చూస్తే ఇంకో కారణం ఉంది, దీన్ని ఫ్యాషన్ పత్రికలు పెద్దగా పట్టించుకోవు. చొక్కాలోనైనా కోటులోనైనా చెయ్యి ఎక్కించడం కష్టమైన కుట్టు, భుజం దగ్గర కొంచెం తేడా వచ్చినా ముడతలు పడతాయి. చేతులు లేకపోతే గుడ్డ తగ్గుతుంది, కుట్టు తగ్గుతుంది, ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి చెయ్యి పొడవు తప్పే బెడదా ఉండదు. ఒకే సైజు ఎక్కువమందికి పడుతుంది. ధర మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గడం లేదు, అది వేరే సంగతి.

ర్యాంప్ నుంచి ఫోన్ దాకా

2018 జూన్‌లో పారిస్‌లో డిజైనర్ వర్జిల్ అబ్లో లూయీ విటాన్ కంపెనీకి తన మొదటి షో చేశాడు. అందులో చొక్కా మీద, కోటు కింద తగిలించుకునే పట్టీలు, జేబుల వెస్ట్ ముక్కల్లాంటివి చాలా కనిపించాయి, పోలీసుల, బిల్డింగ్ పనివాళ్ల బట్టల్ని గుర్తుచేసేవి. 2019 జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్ అవార్డుల వేడుకకి నటుడు టిమోతీ షాలమే అలాంటిదే మెరుపులతో ఉన్నది నల్ల చొక్కా మీద తొడుక్కొచ్చాడు. కోటు లేకుండా రెడ్ కార్పెట్ మీదికి రావొచ్చని చాలామందికి అప్పుడు తెలిసింది. మధ్య పొర ఒక్కటీ ముఖ్యమైన బట్ట అయిపోవడం అక్కడ మొదలైందనొచ్చు.

2022 ఫిబ్రవరిలో మిలాన్‌లో ఫ్యాషన్ కంపెనీలు ప్రాడా, బొట్టేగా వెనెటా రెండూ ఒకే సీజన్‌లో తెల్ల ట్యాంక్ టాప్‌తో షో మొదలుపెట్టాయి. ఆడవాళ్ల ఫ్యాషన్ వారంలో జరిగిన షోలే, కానీ ప్రభావం అటూ ఇటూ పడింది. ప్రాడా దాని మీద చిన్న త్రికోణం లోగో పెట్టి వెయ్యి డాలర్లకి దగ్గరగా అమ్మింది. తిరుప్పూర్ నుంచి వచ్చే కట్ బనియన్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే దూరం నుంచి ఆ త్రికోణం తప్ప తేడా కనిపెట్టడం కష్టం. 2024 జనవరిలో నటుడు జెరెమీ అలెన్ వైట్ చేసిన కాల్విన్ క్లయిన్ యాడ్ వచ్చాక బనియన్‌ని పైబట్టగా వేసుకోవడం మామూలైపోయింది.

ఇక ఫోన్. నిలువు వీడియోలో మనిషి తల నుంచి పాదాల దాకా కనిపిస్తాడు, వెడల్పు తక్కువ. అలాంటి ఫ్రేమ్‌లో గుడ్డ నాణ్యత తెలియదు, కుట్టు తెలియదు, పైభాగం ఎంత కిందిభాగం ఎంత అన్న నిష్పత్తి మాత్రం అర సెకనులో తెలుస్తుంది. పొట్టి వెస్ట్, లూజు ప్యాంటు జోడీ ఆ ఫ్రేమ్‌లో బాగా పలుకుతుంది. ఏ అల్గారిథమ్ కుట్రా అక్కర్లేకుండానే ఇవి ఎక్కువ కనిపించడానికి ఇదొక కారణం అయ్యుండొచ్చు.

పొట్ట కనిపించే గొడవ

మగవాళ్లు పొట్టి బట్టలు వేసుకోవడం మీద వచ్చే విమర్శ ఎక్కువగా ఇది ఆడవాళ్ల ఫ్యాషన్ కదా అన్నదే. చరిత్ర అంత తేలిగ్గా ఒప్పుకోదు. 1980లలో అమెరికా ఫుట్‌బాల్ ఆటగాళ్లు, జిమ్‌కి వెళ్లేవాళ్లు జెర్సీలు సగానికి కోసుకుని వేసుకునేవారు. ఉక్కపోత ఒక కారణం, ప్రత్యర్థి చేతికి గుడ్డ దొరక్కుండా ఉండడం ఇంకొకటి. అప్పుడది పూర్తిగా మగతనం చూపించుకునే వేషం. తర్వాత ఆడవాళ్ల క్రాప్ టాప్‌లు పెరిగాక మగవాళ్లు వదిలేశారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు ఎజకీల్ ఎలియట్ జెర్సీని పైకి మడిచి పొట్ట కనిపించేలా ఆడేవాడు, 2015లో కాలేజీ క్రీడల సంస్థ అలాంటివి కుదరవని నిబంధన బిగించింది. అతను 2016లో ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ వేడుకకి సూటు లోపల సగానికి కోసిన చొక్కా వేసుకుని వచ్చాడు.

నిజానికి ఇప్పటి పొట్టి వెస్ట్‌లో ఒళ్లు కనిపించేది చాలా తక్కువ. హై వెయిస్ట్ ప్యాంటు బొడ్డు దాకా కప్పేస్తుంది, లోపల చొక్కా ఉంటుంది. చెయ్యి పైకెత్తితే తప్ప ఏమీ బయటపడదు. గొడవంతా ప్యాంటు మార్చకుండా వెస్ట్ మాత్రం మార్చినవాళ్ల ఫొటోల మీదే జరుగుతుంది.

మన దగ్గర దీని దారి వేరు. మగవాడి ఒళ్లు కనిపించడం ఇక్కడ ఎప్పుడూ తప్పు కాలేదు. గురువాయూర్ గుడిలోకి చొక్కాతో మగవాళ్లని రానివ్వరు. పీటల మీద పెళ్లికొడుకు పంచె, ఉత్తరీయంతో కూర్చోవచ్చు. లుంగీ, కట్ బనియన్‌తో అరుగు మీద కూర్చుని పేపరు చదివే పెద్దాయన్ని ఎవరూ ఏమీ అనరు. అదే బనియన్‌తో ఆయన మనవడు కాలేజీ ఫంక్షన్‌కి బయల్దేరితే ఇంట్లో పంచాయితీ. అభ్యంతరం ఒంటి మీద కాదు, చోటు మీద. ఇంట్లో వేసుకునే బట్ట గడప దాటిందన్నదే అసలు గొడవ.

తెలుగు ఊళ్లలో ఇది ఎలా నిలబడుతుంది

చేతుల్లేని పై పొర మనకి కొత్త కాదు. కుర్తా మీద నెహ్రూ జాకెట్ రాజకీయ నాయకుల నుంచి పెళ్లి పందిళ్ల దాకా ఎప్పట్నుంచో ఉంది. 1960లలో పాశ్చాత్య దేశాల్లో నెహ్రూ జాకెట్ పేరుతో నడిచింది నిలువు కాలర్‌తో చేతులున్న కోటు, మన దగ్గర నిలబడింది చేతుల్లేనిది. 2018 అక్టోబర్ ఆఖర్లో దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ తనకి బహుమతిగా వచ్చిన రంగురంగుల జాకెట్ల ఫొటోలు పెట్టి వాటిని మోదీ వెస్ట్‌లన్నారు, ఇక అది ఎవరి జాకెట్ అన్న దాని మీద ఇక్కడ కొన్ని రోజులు యుద్ధం నడిచింది.

ఈ జాకెట్ ఇప్పటికీ తుంటి దాకా ఉంటుంది, కింద కుర్తా మోకాళ్ల దాకా వేలాడుతుంది. దాన్ని పొట్టిగా చేస్తే ఏమవుతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. కుర్తా బయటే ఉంటుంది కాబట్టి ఇక్కడ ప్యాంటు రైజ్ లెక్క పనిచేయదు. పొట్టి జాకెట్ కింద పొడవాటి కుర్తా అంటే జువావ్‌ల తీరు కన్నా 2010ల లాంగ్ టీషర్ట్ తీరుకి దగ్గర. సంగీత్, హల్దీలకి కుర్రాళ్లు పొట్టి కుర్తా, దాని మీద ఇంకా పొట్టి జాకెట్, కింద లూజు ప్యాంటు వేస్తే మాత్రం కొలత కుదురుతుంది. ముహూర్తం బట్టల్లోకి ఇది రావడం కష్టం, అక్కడ పొడవే మర్యాద.

చేనేతకి ఇందులో ఒక అవకాశం ఉంది. పోచంపల్లి ఇక్కత్, కలంకారీ గుడ్డతో చొక్కా మొత్తం కుట్టిస్తే చాలామందికి డిజైన్ ఎక్కువైనట్టు అనిపిస్తుంది, ఖర్చూ ఎక్కువే. చేతుల్లేని పొట్టి జాకెట్‌కి గుడ్డ చాలా తక్కువ పడుతుంది, కింద తెల్ల చొక్కా వేస్తే డిజైన్‌కి విలువ వస్తుంది. ఒక చిక్కుంది: ఇక్కత్‌లో పెద్ద పెద్ద గళ్లు, వజ్రాల ఆకారాలు ఉంటే పొట్టి ముక్కలో అవి సగానికి తెగిపోతాయి. ముందు రెండు పలకల మీదా డిజైన్ కలవాలంటే గుడ్డ కాస్త వృథా చేయక తప్పదు, చిన్న డిజైన్ ఎంచుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలి. లేయరింగ్ అన్న మాటే చలి దేశాలది, మే నెలలో విజయవాడలో రెండో పొర అంటే వినేవాళ్లకే చెమట పడుతుంది. చేతులు లేకపోవడం వల్ల చంకల దగ్గర గాలి ఆడుతుంది, చేతుల మీద చెమట ఆరుతుంది, పొట్టి అంచు వల్ల కింద నుంచి కొంచెం గాలి వస్తుంది. కానీ పాలిస్టర్ అస్తరు, ఛాతీ దగ్గర బక్రం (బిరుసు గుడ్డ) వేసిన వెస్ట్ అయితే ఇవేవీ ఆదుకోవు, మొండెం మీద వేడి అలాగే నిలిచిపోతుంది. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, కాబట్టి అక్కడ పొర మీద పొర వేయడం కన్నా అస్తరు లేని లినెన్ లేదా కాటన్ వెస్ట్‌నే చొక్కా బదులు వేసుకోవడం మేలు. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి సాయంత్రాలకి, ఇక ఏడాది పొడవునా ఏసీ గదుల్లో కూర్చునే ఐటీ ఆఫీసులకి సన్నటి స్లీవ్‌లెస్ స్వెటర్ సరిగ్గా సరిపోతుంది. ఆదిలాబాద్ వైపు చలికి ఇది చాలదు, అక్కడ చేతులున్నదే కావాలి.

ఎంతకాలం ఉంటుంది

పొట్టి పొడవు ప్యాంటు నడుం మీద ఆధారపడిందనుకుంటే దాని భవిష్యత్తు తెలుసుకోవడానికి వెస్టుల్ని చూడనక్కర్లేదు, ప్యాంట్ల ర్యాక్ చూడాలి. హై వెయిస్ట్, లూజు ప్యాంట్లు ఉన్నన్నాళ్లు పొట్టి వెస్ట్ ఉంటుంది. 2000ల ఫ్యాషన్ పునరాగమనం పేరుతో లో వెయిస్ట్ ఇప్పటికే అక్కడక్కడా తొంగి చూస్తోంది. అది మగవాళ్ల మామూలు షాపుల దాకా వస్తే వెస్ట్ అంచు మళ్లీ కిందికి దిగుతుంది, ఇప్పుడు కొన్నవి చిన్నవైపోయిన బట్టల్లా కనిపిస్తాయి.

చేతుల్లేని పొర మాత్రం అంత తొందరగా పోయేలా లేదు. దాన్ని నిలబెడుతున్నవి ఏసీ ఆఫీసు, సూటు అక్కర్లేని ఉద్యోగం, తక్కువ కుట్టు ఖర్చు, చలి తక్కువ ఊళ్లు. ఇవేవీ ఒక సీజన్‌లో మారేవి కావు. కాబట్టి డబ్బు పెట్టి కుట్టించుకునేవాళ్లు లోపల అంచు మడతలో రెండంగుళాల గుడ్డ ఎక్కువ వదిలేయమని, జేబులు కొంచెం పైకి పెట్టమని టైలర్‌కి ముందే చెప్పడం మంచిది. కాటన్, లినెన్‌లలో మడత విప్పితే పాత గీత ఇస్త్రీకి కూడా పూర్తిగా పోదు, ఉన్ని గుడ్డల్లో ఆవిరి ఇస్త్రీతో చాలావరకు పోతుంది.